24 గంటలు దాటితే హక్కు పోతుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంట్లో నేను, మావారు ఇద్దరమే. నిరుటి వరకు నెలకోసారి చీటీ రాసుకుని సూపర్‌మార్కెట్‌కు వెళ్లి సరుకులు తెచ్చుకునేవాళ్లం. నాకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక డాలస్‌లో ఉన్న మా అబ్బాయే యాప్‌లో ఆర్డర్ పెడుతున్నాడు. డబ్బు కూడా ఇక్కడ తనకున్న బ్యాంకు ఖాతా నుంచి తనే కడుతున్నాడు. పోయిన నెల వచ్చిన వాటిలో పాలపొడి డబ్బా, రెండు సేమియా ప్యాకెట్లు ఎక్స్‌పైరీ దాటినవి. నాలుగు రోజుల తర్వాత గానీ చూసుకోలేదు. అడిగితే 24 గంటల్లోపే చెప్పాలన్నారు. గట్టిగా అడిగితే వాలెట్‌లో రూ.100 వేస్తామన్నారు. వాటి ఖరీదు రూ.610. పైగా బిల్లులో మేం అడగని విరాళం రూ.5 ఉంది. కేసు ఏదైనా బెంగళూరులోనే వేయాలని షరతుల్లో ఉందట. ఆర్డర్ అబ్బాయి పేరు మీద ఉంది కదా, అసలు నేను అడగవచ్చా? 'ఆరొందల కోసం కోర్టుకా' అంటున్నారు మావారు.

జవాబు: అడగవచ్చమ్మా, మీ పేరుతోనే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం డబ్బు కట్టి కొన్నవాళ్లే కాదు, వాళ్ల సమ్మతితో ఆ వస్తువు వాడుకునేవాళ్లు కూడా వినియోగదారులే. ఆన్‌లైన్ కొనుగోళ్లకూ ఇది వర్తిస్తుందని సెక్షన్ 2(7)లోనే ఉంది. అబ్బాయి కొన్నది మీ కోసమే, డెలివరీ చిరునామా మీదే. మీరు ఫిర్యాదు చేయడం తనకు సమ్మతమేనని అతను ఒక మెయిల్ పెడితే చాలు, దాన్ని జతపరచండి.

ఇక 24 గంటల సంగతి. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార విధానమని చట్టం చెబుతోంది. గడువు బిల్లులో రాసి ఉంటే ఆ గడువు, లేకపోతే 30 రోజులు. కంపెనీ ఇక్కడే మెలిక పెడుతుంది: 'మా గడువు 24 గంటలని ముందే చెప్పాం' అంటుంది. కాబట్టి ముందు బిల్లు తెరిచి చూడండి. ఆ మాట చాలాసార్లు బిల్లులో కాక, యాప్ షరతుల్లో ఎక్కడో అడుగున ఉంటుంది. ఒకవేళ బిల్లులోనే ఉన్నా నేనైతే వెనక్కి తగ్గను. లోపమున్న సరుకును అమ్మకందారు తిరిగి తీసుకోనని అనకూడదని 2020 ఈ-కామర్స్ నియమాలు విడిగా చెబుతున్నాయి. అన్నిటికంటే ముఖ్యం, ఇది నచ్చక వెనక్కి ఇస్తున్న చీర కాదు. గడువు తీరిన ఆహారం అమ్మితే అమ్మినవాళ్లదే బాధ్యతని ఆహార భద్రత చట్టం, 2006లో సెక్షన్ 27 చెబుతోంది. కంపెనీ తన కోసం రాసుకున్న రిటర్న్ పాలసీ ఆ బాధ్యతను తుడిచేయలేదు.

ప్యాకెట్ల మీద ఏ మాట ఉందో మాత్రం ఒకసారి సరిచూసుకోండి. 'యూజ్ బై', 'ఎక్స్‌పైరీ' అని ఉంటే ఆ తేదీ తర్వాత అమ్మకూడదు. 'బెస్ట్ బిఫోర్' మాత్రం నాణ్యతకు సంబంధించిన తేదీ. అదొక్కటే ఉంటే మీ వాదన కొంత బలహీనపడుతుంది.

సూపర్‌మార్కెట్‌లో ప్యాకెట్ తిప్పి తేదీ చూసి, వెనక వరసలోంచి కొత్తది లాగి బుట్టలో వేసుకుంటాం. మా ఇంట్లో ఆ పని నాదే, బిల్లు కౌంటర్ దగ్గర తిట్లు కూడా నాకే. యాప్‌లో ఆ వీలు లేదు. ప్యాకెట్ సరుకులకు వర్తించే ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాల ప్రకారం ఎమ్మార్పీ, బరువు లాంటి వివరాలు తెర మీద చూపించాలి గానీ, తయారీ నెల, సంవత్సరం చూపించనక్కర్లేదని మినహాయింపు ఉంది. అంటే మీరు తేదీ చూడగలిగేది సరుకు గుమ్మంలోకి వచ్చాకే. 'చూసుకుని కొనాల్సింది' అనే మాట మీ విషయంలో చెల్లదు. డెలివరీ నాటికి గడువులో కనీసం 30 శాతం గానీ 45 రోజులు గానీ మిగిలి ఉండేలా చూడాలని 2024 నవంబరులో ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఈ-కామర్స్ కంపెనీలకు చెప్పింది కూడా. ఫిర్యాదులో ఈ సంగతి తప్పక రాయండి.

'మేం మధ్యవర్తులం, అమ్మింది వేరే సంస్థ' అనే జవాబు కూడా వస్తుంది. బిల్లు మీద అమ్మకందారు పేరు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు ఉన్నాయేమో చూడండి. ఫిర్యాదులో యాప్ కంపెనీని, అమ్మకందారును ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. బాధ్యత ఎవరిదో వాళ్లే తేల్చుకుంటారు. సంచి తెచ్చిచ్చిన కుర్రాడితో గొడవ వద్దు, పాపం అతనికి లోపల ఏముందో కూడా తెలియదు.

విరాళం రూ.5 గురించి అబ్బాయినే అడగండి. ముందే టిక్ పెట్టి ఉంచిన గడిని కొనుగోలుదారు సమ్మతిగా లెక్కించడానికి 2020 నియమాలు ఒప్పుకోవు. అడగనిది బుట్టలో చేర్చడాన్ని 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మాయచేసే ఆన్‌లైన్ ఎత్తుగడలు) మార్గదర్శకాలు నిషేధించాయి. అయితే తనే టిక్ పెట్టి మరిచిపోయి ఉంటే ఆ ముక్క ఎత్తకండి. చిన్న అబద్ధం పెద్ద కేసును పాడుచేస్తుంది. డెలివరీ ఛార్జీ, హ్యాండ్లింగ్ ఛార్జీ లాంటివి డబ్బు కట్టే ముందే స్పష్టంగా చూపించి ఉంటే వాటి మీద నేను పోరాడమనను.

బెంగళూరు షరతుకు భయపడొద్దు. సెక్షన్ 34 కింద మీరు నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. గొడవను కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలనే ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్ దారి మూసుకుపోదని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. ఒక జాగ్రత్త: ఆ షరతులే అన్యాయం, కొట్టేయండి అని అడిగితే విషయం రాష్ట్ర కమిషన్ పరిధిలోకి పోతుంది. మీకు ఆ తలనొప్పి ఎందుకు? పాడు సరుకు, రావాల్సిన డబ్బు, అంతవరకే అడగండి.

మీవారి మాట కొట్టిపారేయలేం. నేరుగా కేసుకు వెళ్లకండి. ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకు మెయిల్ పెట్టండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. వాలెట్ పాయింట్లు వద్దని, కట్టిన ఖాతాకే రూ.610 వేయమని రాయండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, చిన్న మొత్తాలు చాలావరకు అక్కడే తేలిపోతాయని నా అనుభవం. ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లోనూ ఫొటోలతో ఫిర్యాదు పెట్టండి, గోదాంలో అలాంటి డబ్బాలు ఇంకెన్ని ఉన్నాయో అధికారులు చూస్తారు. ఇవేవీ పనిచేయకపోతేనే వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో కేసు. రూ.5 లక్షల లోపు ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు, కేసు వేయడానికి గడువు రెండేళ్లు. చట్టంలో మూడు నెలల్లో తేల్చాలని ఉంది గానీ, అంతకంటే ఎక్కువే పడుతుందనుకోండి. మనోవేదనకు లక్షలు అడగకండి, ఖర్చులతో కలిపి నమ్మదగ్గ మొత్తం అడగండి.

పాలపొడి డబ్బా, సేమియా ప్యాకెట్లు పారేయలేదు కదా? తేదీ, బ్యాచ్ నంబరు కనిపించేలా ఫొటోలు తీసి, వాటిని ఒక సంచిలో కట్టి పక్కన పెట్టండి. యాప్‌లో జరిగిన చాట్‌ను అబ్బాయి ఈరోజే స్క్రీన్‌షాట్లు తీసి పంపాలి. పాత చాట్‌లు కొన్ని యాప్‌లలో ఎక్కువ రోజులు కనిపించవు.