పాత టాటా మెర్సిడెస్ లారీని తిరిగి కట్టడానికి మరో లారీ సామాను వాడవచ్చా?

మీ ప్రశ్న ఇది: రైస్ మిల్లు ఆవరణలో ఏళ్లుగా నిలిచిపోయిన మీ తాతగారి టాటా మెర్సిడెస్ బెంజ్ 1210 లారీని మళ్లీ నడిపించడానికి, తుక్కు వ్యాపారి దగ్గరున్న 1980ల నాటి టాటా 1210 ఎస్‌ఈ లారీని కొని దాని సామాను వాడవచ్చా అని. వాడవచ్చు. మా నాన్నగారి లారీని విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీగారి షెడ్డులో ఇలాగే తిరిగి కట్టించాము. ఆ పనిలో నాకు బోధపడిన ముఖ్య విషయం ఏమిటంటే, రెండో లారీ నుంచి విడి ముక్కలు ఏరుకోకూడదు, కలిసి పనిచేసే సామానును సెట్లుగా దించుకోవాలి.

ఈ రెండు లారీలకూ చుట్టరికం ఉంది. టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) 1954లో డైమ్లర్ బెంజ్ సహకారంతో లారీల తయారీ మొదలుపెట్టింది. 1969లో ఒప్పందం ముగిశాక లారీ ముందుభాగాన ఉండే బెంజ్ నక్షత్రం గుర్తు పోయింది గాని, కింది నిర్మాణం చాలావరకు ఆ వరుసలోనే సాగింది. కనుక ఒకదాని సామాను మరొకదానికి పట్టే అవకాశం ఎక్కువే. అయితే పట్టినంత మాత్రాన పనిచేస్తుందని అనుకోవద్దు.

ఇంజిన్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే ఆశ పుట్టేదీ డబ్బు పోయేదీ అక్కడే. బెంజ్ కాలపు ఓఎం 312 ఇంజిన్ బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 90 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 120 మి.మీ.; తర్వాతి టాటా 692 ఇంజిన్ బోరు 92 మి.మీ., స్ట్రోక్ అదే 120 మి.మీ. కొలతలు ఇంత దగ్గరగా ఉండటం చూసి, ఒకదాని హెడ్డును (సిలిండర్ల మీది మూతను), పిస్టన్లను మరొకదానికి వేద్దామనే సలహా మీకు తప్పక వస్తుంది. ఒప్పుకోవద్దు. ఓఎం 312లో డీజిలు ముందుగా హెడ్డులోని చిన్న గదిలో అంటుకుని తర్వాత సిలిండరులోకి వస్తుంది, అందుకే దానికి హీటర్ ప్లగ్గులు ఉంటాయి, 692 డి.ఐ.లో డీజిలు నేరుగా పిస్టన్ తల మీది గుంటలోకి పడుతుంది. డీజిలు చిమ్మే నాజిళ్ల రకం, అవి తెరుచుకునే ఒత్తిడి, పిస్టన్ ఆకారం, పంపు అమరిక అన్నీ దాన్ని బట్టే మారిపోతాయి. మీ ఇంజిన్ బ్లాకు పగలకుండా ఉంటే దాన్నే బోరు చేయించి నిలబెట్టుకోండి; పగిలి ఉంటే రెండో ఇంజిన్‌ను పంపు, నాజిళ్లు, క్లచ్ హౌసింగ్‌తో సహా మొత్తంగా ఎక్కించండి. మధ్యేమార్గం లేదు. క్రాంక్ షాఫ్ట్‌ను పట్టి ఉంచే మెయిన్ బేరింగ్ క్యాపులను కూడా ఒక బ్లాకు నుంచి మరో బ్లాకుకు మార్చవద్దు, వాటి రంధ్రాలు ఆ బ్లాకుతో కలిపి కోసినవి. కనెక్టింగ్ రాడ్ల క్యాపుల విషయమూ అంతే.

వెనుక యాక్సిల్‌లో చక్రాలను తిప్పే పళ్ల చక్రాల జత, అంటే క్రౌన్ వీల్, పినియన్ రెండింటినీ కర్మాగారంలో కలిపి రాపిడి పట్టించి, జత నెంబరు చెక్కుతారు. ఆ నెంబర్లు కలవకపోతే పళ్లు ఎంత బాగున్నా తీసుకోవద్దు. రెండింటి పళ్లూ లెక్కపెట్టి వాటి నిష్పత్తి మీ పాత యాక్సిల్‌తో కలుస్తుందో కూడా చూసుకోండి, లేకపోతే ఇంజిన్ బాగుండీ లారీ ఎత్తు ఎక్కదు. మా లారీకి మేము హౌసింగ్ విప్పకుండా యాక్సిల్ మొత్తాన్ని హబ్బులు, డ్రమ్ములతో సహా మార్చాము. కొంత బరువు పని అయినా అదే చవక అయింది.

బ్రేకుల విషయంలో మీ లారీది గాలి సాయంతో నడిచే హైడ్రాలిక్ పద్ధతా, పూర్తి ఎయిర్ బ్రేకా అన్నది ముందు తేల్చుకోండి. రెండో లారీది వేరే పద్ధతి అయితే కంప్రెసర్ నుంచి చక్రం దాకా మొత్తం మార్చాలి, లేదా దేన్నీ ముట్టుకోకూడదు. హోసులు, రబ్బరు కప్పులు మాత్రం కొత్తవే వేయించండి. కమాన్ కట్టలను (చక్రాల పైనుండే పట్టీ స్ప్రింగులను) కుడి ఎడమలు జతగా తీసుకోండి, యూ బోల్టులు కొత్తవి కొనండి. డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ పెడితే దాని రెగ్యులేటర్, బ్రాకెట్, పుల్లీ కూడా వెంట రావాలి.

చాసీ (లారీ అడుగు చట్రం) మాత్రం మీ తాతగారి లారీదే ఉండాలి. దాన్ని సిమెంటు నేల మీద నిలిపి, కమాన్ బ్రాకెట్ల నుంచి తూకపుగుండు వేలాడదీసి, నేల మీద సుద్దతో గుర్తులు పెట్టి, మూల నుంచి మూలకు కొలవండి. రెండు కొలతలకూ తేడా 5 మి.మీ. దాటితే, మరేదీ బిగించకముందే సరిచేయించాలి. పట్టీలు అతికిన చోట్ల రెండు రేకుల మధ్య తుప్పు ఉబ్బి ఉంటుంది. రివిట్లు కోసి తీసి, శుభ్రం చేసి మళ్లీ కొట్టించాలి గాని, పైనుంచి వెల్డింగ్ పెట్టించి సరిపెట్టవద్దు.

కేబిన్ కోసం రెండో లారీ మీద ఆశ పెట్టుకోకండి. ఆ కాలపు లారీలు చాలావరకు చాసీ, ముందు ముఖం మాత్రమే కర్మాగారం నుంచి వచ్చి, మిగతా కేబిన్ చెక్కతో బాడీ షెడ్లలో కట్టినవే కాబట్టి, ఒకదాని తలుపు ఇంకొకదానికి సరిపడదు. బానెట్టు, మడ్‌గార్డులు వాడుకోవచ్చేమో చూడండి.

ఇక కాగితాలు. ఇంజిన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన, సొంత వాడకపు ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను ఉద్దేశించినవి. చాసీలో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదని కూడా అవి చెబుతాయి. మీది ఆరు టైర్ల సరుకు లారీ కనుక, ఒక్క బోల్టు విప్పకముందే రవాణా శాఖ కార్యాలయంలో మాట్లాడుకోవడం మంచిది. రెండో లారీకి ఆర్సీ రద్దయిన పత్రం లేనిదే డబ్బు ఇవ్వకండి.

ధర అడిగారు. గేరుబాక్సు అన్ని గేర్లలో పడి, వెనుక యాక్సిల్ చేత్తో తిప్పితే శబ్దం లేకుండా తిరిగితే, ఇనుము ధర కంటే కొంత ఎక్కువ ఇవ్వవచ్చు. లేదంటే తూకం ధర మించవద్దు. ఎలాగైనా లారీ మొత్తాన్నే కొని మీ ఆవరణకు తెచ్చుకోండి. పెడల్ బ్రాకెట్లు, క్లచ్ లింకులు, పైపుల క్లిప్పుల వంటి చిల్లర సామాను అవసరం చివరి వారాల్లో గాని తెలియదు, అప్పటికి తుక్కు వ్యాపారి దగ్గర అవి ఉండవు.