మ్యాప్‌లో వాల్యూతో వెతికితే 100 దొరికి, 200 దొరకకపోవడం

జావా హాష్‌మ్యాప్‌లో (కీ, దానికి తగిన వాల్యూ జతలుగా దాచుకునేది) రోల్ నంబర్ కీగా, మార్కులు వాల్యూగా పెట్టి, మార్కులతో వెతికితే 100 దొరుకుతోంది, 200 ఉండి కూడా దొరకట్లేదు అన్నారు కదా. ఒక్కో వాల్యూని తీసి చూసే మీ లూప్ బాగానే ఉందండీ. చిక్కంతా పోల్చేచోట పెట్టిన == దగ్గరే.

మ్యాప్‌లో ఉండేది ఇంటిజర్ ఆబ్జెక్టు. వెతికే మార్కుల్ని కూడా మీరు ఇంటిజర్‌గానే డిక్లేర్ చేశారు. అప్పుడు == విలువలు చూడదు, రెండూ ఒకే ఆబ్జెక్టా అని చూస్తుంది. -128 నుంచి 127 వరకు జావా ముందే చేసిపెట్టుకున్న ఆబ్జెక్టునే మళ్లీ మళ్లీ ఇస్తుంది, అందుకే 100 పనిచేసినట్టు కనిపించింది. 200కి మామూలుగా ప్రతిసారీ కొత్త ఆబ్జెక్టే. చిన్న నంబర్లతో టెస్ట్ చేసి హాయిగా పడుకుంటాం, నేనూ ఇలాగే బోల్తా పడ్డాను.

== తీసేసి, విలువల్ని పోల్చే ఈక్వల్స్ మెథడ్ పెట్టండి. వాల్యూల్లో నల్ (అంటే ఏ ఆబ్జెక్టూ లేకపోవడం) ఉండొచ్చు అనుకుంటే ఆబ్జెక్ట్స్ క్లాసులోని ఈక్వల్స్ వాడండి.

మ్యాప్‌కి ఉన్న కంటైన్స్‌వాల్యూ మెథడ్ వాడదామంటే, అది ఆ వాల్యూ ఉందో లేదో మాత్రమే చెప్తుంది, కీ ఇవ్వదు. పైగా అదీ మ్యాప్ అంతా తిరగాల్సిందే. పదేపదే వెతకాలంటే మార్కులు కీగా ఇంకో మ్యాప్ కట్టుకోండి. ఒకే మార్కులు చాలామందికి రావచ్చు కాబట్టి అందులో వాల్యూగా రోల్ నంబర్ల లిస్ట్ ఉండాలి.