ఎలక్ట్రిక్ కారు కొనబోతున్న ప్రసన్నకు

చి. ప్రసన్నకు,

బాబాయి ఆశీస్సులు. ఎలక్ట్రిక్ కారు తీసుకుందామనుకుంటే మీ ఆఫీసులో భయపెడుతున్నారని మొన్న ఫోన్లో అన్నావు. ఎక్కడికెళ్లినా ఆ కారు కనిపెట్టేస్తుందని, రేపోమాపో కిలోమీటరుకింత అని పన్ను వేస్తారని అంటున్నారట. నా ఉద్యోగమంతా బండ్ల రిజిస్ట్రేషన్లు, పన్నుల మధ్యే గడిచింది కాబట్టి నాకు తెలిసింది తీరిగ్గా రాస్తున్నాను.

కారు నిక్షేపంగా కొనుక్కో. అయితే పన్ను గొడవ వేరు, నిఘా గొడవ వేరు. రెండూ కలిపేసుకుని కంగారు పడితే దేన్నీ సరిగ్గా చూసుకోలేవు.

ముందు పన్ను. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవో 41 ప్రకారం, ఇక్కడ కొని ఇక్కడే రిజిస్టర్ చేయించిన ఎలక్ట్రిక్ కార్లకు 2026 డిసెంబరు 31 దాకా రోడ్ ట్యాక్స్ లేదు, రిజిస్ట్రేషన్ ఫీజూ లేదు. 10 లక్షలకూ 20 లక్షలకూ మధ్య ఉండే పెట్రోలు కారుకైతే లైఫ్ ట్యాక్స్, అంటే కొన్నప్పుడే ఒకేసారి కట్టే రోడ్ ట్యాక్స్, 17 శాతానికి తగ్గదు. నువ్వు చూస్తున్న 15 లక్షల బండి మీద రెండున్నర లక్షల పైనే మిగులుతుందన్నమాట. బుకింగ్ అయింది కదా అని ధీమాగా ఉండకు, రిజిస్ట్రేషన్ కూడా గడువులోపే అయ్యేలా షోరూమ్ వాళ్ల వెంటపడు. ఆన్‌రోడ్ ధర రాసిచ్చే కాగితంలో ఆర్టీవో చార్జీలని ఒక అంకె వేస్తారు. అందులో ఏమేం కలిపారో విడివిడిగా రాసిమ్మను.

బెంగళూరుకు బదిలీ కావచ్చన్నావు. ఈ మినహాయింపు నీ వెంట రాదు. పన్నెండు నెలలకు మించి అక్కడే బండి ఉంచితే ఇక్కడ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, ఆ రాష్ట్రం పన్నే వర్తిస్తుంది. కర్ణాటకలో ఒకప్పుడు ఎలక్ట్రిక్ బండ్లకు పన్నే లేదు. 2024లో పాతిక లక్షలు దాటిన ఎలక్ట్రిక్ కార్లకు 10 శాతం వేశారు. రాయితీ ఎప్పటికీ ఉంటుందని లెక్కేసుకుని మాత్రం ఏ బండీ కొనకు.

ఎందుకంటే ప్రభుత్వాలకు పెట్రోలు మీద నుంచి చాలా డబ్బు వస్తోంది. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాటే 35.2 శాతం, ఆ పైన కేంద్రం ఎక్సైజ్, సెస్సులు. నువ్వు బంకుకు వెళ్లడం మానేస్తే ఆ వాటా పోతుంది. నీ కారు అరగదీసేదీ అదే రోడ్డు కదమ్మా, కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు పన్ను కట్టాల్సిందే, అది న్యాయం కూడా. న్యూజిలాండ్‌లో 2024 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కార్ల వాళ్లు వెయ్యి కిలోమీటర్లకు 76 డాలర్ల చొప్పున ముందే కొనుక్కుంటున్నారు. కారులో కిలోమీటర్లు చూపే మీటరు రీడింగే దానికి లెక్క. బ్రిటన్‌లో 2028 ఏప్రిల్ నుంచి మైలుకు 3 పెన్నీలు వేస్తామని 2025 నవంబరు బడ్జెట్‌లో ప్రకటించారు. అక్కడా ఏటా జరిగే బండి తనిఖీలో మీటరు చూస్తామన్నారే గానీ కార్లో ట్రాకర్ పెడతామనలేదు.

నాకు బలంగా అనిపించేది ఇదే. పన్ను వేయడానికి ఎన్ని కిలోమీటర్లు తిరిగావో తెలిస్తే చాలు. ఎక్కడ తిరిగావో ఎవరికీ అక్కర్లేదు. మన దగ్గర శాటిలైట్ టోల్ (బండి తిరిగిన దూరాన్ని ఉపగ్రహంతో లెక్కేసి వసూలు చేసే టోల్) కోసం 2024 సెప్టెంబరులో కేంద్రం నిబంధనలు మార్చింది, 2025 ఏప్రిల్‌లో మాత్రం దేశమంతటా పెట్టే నిర్ణయమేదీ తీసుకోలేదని చెప్పింది. రేపు కిలోమీటరు పన్ను ముసాయిదా ఏదైనా వచ్చి అభ్యంతరాలు అడిగితే, మీటరు రీడింగ్‌తో కట్టే వీలు ఉంచమని మీ ఈడు వాళ్లంతా రాయండి. ముసాయిదా దశలో వచ్చే ఉత్తరాలను ఆఫీసుల్లో చదువుతారు, నేను చూశాను. జీవో వచ్చాక అరిచి లాభం లేదు.

ఇక నిఘా. విజయవాడ వెళ్లేటప్పుడు నీ ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లు గుర్తు చేసుకో. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, ప్రతి టోల్ దగ్గరా టైముతో సహా ఒకటి వస్తుంది. ఇది పెట్రోలు కారుకూ ఉన్నదే. కూడళ్ల దగ్గర కెమెరాలూ అంతే, అవి చూసేది నంబరు ప్లేటును. కాబట్టి ఎలక్ట్రిక్ కారు మానేసినంత మాత్రాన నిఘా నుంచి తప్పించుకోలేవు. ఫాస్టాగ్‌కు ఏ ఫోన్ నంబరు ఇచ్చామన్నది మాత్రం నీ చేతిలో ఉంది. షోరూమ్ ఎగ్జిక్యూటివ్ నంబరో, ఇంట్లో ఇంకొకరి నంబరో ఇవ్వకు, నీ సొంత నంబరే ఇవ్వు.

అసలు జాగ్రత్త పడాల్సింది కారులో ఉండే సిమ్‌తో, దాని యాప్‌తో. బండి ఎక్కడుంది, ఎంత వేగంతో పోయింది, బ్రేకు ఎలా కొట్టావు, అన్నీ కంపెనీ సర్వర్‌కు చేరతాయి. ఈ మధ్య వచ్చిన చాలా పెట్రోలు కార్లలోనూ ఈ ఏర్పాటుంది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు సాఫ్ట్‌వేర్ సంస్థ దగ్గర దాదాపు 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల వివరాలు ఇంటర్నెట్‌లో రక్షణ లేకుండా పడి ఉన్నాయని 2024 డిసెంబరులో బయటపడింది. ఎన్నో కార్లు ఎక్కడ ఆగాయో కూడా అందులో ఉంది. అమెరికాలో జనరల్ మోటార్స్ డ్రైవర్ల అలవాట్ల వివరాలు అమ్ముకుందని, అవి బీమా కంపెనీల దాకా చేరాయని 2025 జనవరిలో అక్కడి ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. మన దగ్గర కూడా, బండి నడిపే తీరును బట్టి ప్రీమియం వేసే పాలసీలకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2022లోనే అనుమతిచ్చింది. డిస్కౌంటు వస్తుందని అలాంటిది అంటగడితే ఏమేం నమోదు చేస్తారో చదివాకే సంతకం పెట్టు.

డెలివరీ రోజున కొబ్బరికాయ, ఫోటోల హడావుడిలో షోరూమ్ కుర్రాడు నీ ఫోన్ తీసుకుని యాప్ వేసి, అడిగినవాటికల్లా అంగీకారం నొక్కేస్తాడు. ఫోన్ ఇవ్వకు. పక్కన కూర్చోబెట్టుకుని నువ్వే చెయ్యి. చార్జింగ్ ఎంతుందో చూడ్డానికి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కు కావలసినవి ఉంచుకో. ప్రకటనలకూ, ఇతర సంస్థలతో పంచుకోవడానికీ అడిగే అనుమతులు తీసెయ్యి. లొకేషన్ ఆపే వీలుందో లేదో అడుగు, అయితే ఆపితే దొంగతనం జరిగినప్పుడు బండిని వెతకడం కష్టం, అది కూడా ఆలోచించుకో. నా మటుకు నేనైతే ఉంచుకుంటాను. కానీ యాప్ లాగిన్ మాత్రం ఇంట్లో వాళ్లతో సహా ఎవరికీ ఇవ్వకు. ఆడపిల్లలు ఎక్కడికెళ్లారో ఇంట్లో కూర్చుని మ్యాపులో చూసే అలవాటు చాలా ఇళ్లలో మొదలైంది, దానికి ప్రేమ అని పేరు పెట్టినా నాకు నచ్చదు.

మా అపార్ట్‌మెంట్లో ఒకాయన సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొన్నారు. మిట్టమధ్యాహ్నం సెల్లార్లో ఆగి ఉన్న బండిలో ఏసీ దానంతటదే ఆన్ అయింది. వాచ్‌మన్ హడలిపోయి పైకి పరిగెత్తుకొచ్చాడు. చూస్తే పాత యజమాని ఫోన్లో యాప్ ఇంకా పనిచేస్తోంది, పిల్లలెవరో నొక్కారు. ఆర్‌సీ పేరు మారి నెలలైనా కారు ఎక్కడ తిరుగుతోందో ఆయనకు కనిపిస్తూనే ఉంది. కాబట్టి పాతది కొన్నా, నీది అమ్మినా, ఆర్‌సీలో పేరు మార్చే 29, 30 ఫారాలతో పాటు యాప్‌లో యజమాని మార్పు, కారులో ఫ్యాక్టరీ రీసెట్, పాత ఫాస్టాగ్ రద్దు, ఈ మూడూ అయ్యాకే తాళాలు చేతులు మారాలి.

2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో, ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకునే హక్కు, వివరాలు తీసెయ్యమని అడిగే హక్కు ఉన్నాయి, ఆ భాగం అమల్లోకి వచ్చేది మాత్రం 2027 మేలో. ప్రభుత్వ సంస్థలకు అందులో మినహాయింపులు ఎక్కువే ఉన్నాయి, అది నాకు మింగుడుపడని విషయం. కంపెనీలను అడిగే హక్కునైనా వదులుకోకు. అడిగేది ఈమెయిల్‌లో అడుగు, కాపీ దాచుకో.

ఇంకొక్కటి. కొత్త బండి ఫాస్టాగ్‌ను ఛాసిస్ నంబరు మీద ఇస్తారు. ఆకుపచ్చ నంబరు ప్లేటు చేతికొచ్చిన వారంలోనే ఆ నంబరును ట్యాగ్‌లో అప్‌డేట్ చేయించు. బండి కొన్న రోజు నుంచి తొంభై రోజులు దాటితే టోల్ దగ్గర ఇబ్బంది పడతావు.

ఆశీస్సులతో,
బాబాయి