డాక్టర్ సలహా: నొప్పి లేదు కదా అని ఆగొద్దు

ప్రశ్న: నా వయసు 36. మాది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. నెల కిందట స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో రేగిపండంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. మా అత్త పాలగడ్డ అంటోంది, కానీ చిన్నోడు పాలు మాని రెండేళ్లయింది. సూది పరీక్ష చేస్తే, క్యాన్సరైతే ఒళ్లంతా పాకుతుందని భయపెడుతున్నారు. కొన్నాళ్లు ఆగి చూడొచ్చా?

జవాబు: ఆగొద్దమ్మా. ఈ వారంలోనే చూపించుకోండి. అలాగని నిద్ర మానుకుని టెన్షన్ పడొద్దు. రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. ఫైబ్రోఎడినోమా అనే మామూలు గడ్డ కావచ్చు, నీటి తిత్తి కావచ్చు. ఏదన్నది చేత్తో తడిమి తేల్చడం మా డాక్టర్లకే కుదరదు.

పాలగడ్డ సాధారణంగా పాలిచ్చే రోజుల్లో వస్తుంది. చాలాసార్లు నొప్పి, ఎరుపు, జ్వరం కూడా ఉంటాయి. పాలు మాన్పించిన రెండేళ్లకు కొత్తగా తగిలిన గడ్డను ఆ లెక్కలో వేసి ఊరుకోకూడదు. ఇక 'నొప్పి లేదు కదా' అన్న ధైర్యం చూస్తేనే నాకు భయం వేస్తుంది. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పి ఉంటే పరుగున వచ్చే ఆడవాళ్లే, అది లేకపోతే పండగ పోనీ, పిల్లల పరీక్షలు పోనీ అని నెలలు గడిపేస్తారు.

డాక్టర్ ముందు రెండు రొమ్ములూ, చంకలూ చూస్తారు. తర్వాత అల్ట్రాసౌండ్, మీ వయసుకు మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) కూడా అవసరం కావచ్చు. అనుమానం ఉంటే మత్తుసూది వేసి, గడ్డలోంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌కి పంపుతారు. ఈ బయాప్సీ వల్ల క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్నది అపోహ. ఆ భయంతో పరీక్ష మానుకుంటేనే నిజమైన నష్టం.

తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. అలిపిరి దగ్గర టాటా వాళ్ల క్యాన్సర్ ఆసుపత్రి 2022 నుంచి నడుస్తోంది. మగ డాక్టర్ దగ్గర ఇబ్బందిగా ఉంటే లేడీ డాక్టర్ కావాలని అడగండి, అందులో మొహమాటం ఏమీ లేదు.

ఇకపై ప్రతి నెలా బహిష్టు మొదలైన ఏడు నుంచి పది రోజుల మధ్య మీరే చూసుకోండి. అప్పుడు రొమ్ము మెత్తగా ఉంటుంది. మూడు వేళ్ల మెత్తని భాగంతో గుండ్రంగా నొక్కుతూ మెడ ఎముక కిందనుంచి చంక దాకా తడమాలి, చిటికెతో పట్టి నొక్కకూడదు. గడ్డ తగలకపోయినా సరే, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి లాగినా, రక్తం కారినా డాక్టర్ దగ్గరికి రావాలి. 30 దాటిన ఆడవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రొమ్ము పరీక్ష చేస్తారు, మీ ఊరి ఏఎన్ఎంని అడిగితే చెబుతారు. మీ అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లి చూపించండి. వయసు పెరిగేకొద్దీ ఈ జబ్బు ముప్పు ఎక్కువ.