సీలింగ్‌లో ఉన్న కన్నాన్ని పెద్దది చేయాలంటే

"అన్నా, అమెరికాలో ఇల్లు కొన్నాం. హాలు సీలింగ్‌లో నాలుగంగుళాల లైట్లు తీసేసి ఆరంగుళాల ఎల్‌ఈడీలు పెడదామని హోల్ సా (డ్రిల్లుకు తగిలించే గుండ్రటి రంపం) కొన్నాను. తీరా చూస్తే దాని మధ్య బిట్ దిగడానికి అక్కడ ఏమీ లేదు, అంతా కన్నమే. ఎలా కోయాలి?"

తమ్ముడూ, మధ్య బిట్ ఆసరా లేకుండా మాత్రం ఆ సా ఆన్ చేయొద్దు. పళ్లు సీలింగ్ మీద జారి గుండ్రంగా గీతలు పెడతాయి, డ్రైవాల్ పైకాగితం చిరిగిపోతుంది. డ్రైవాల్ అంటే రెండు కాగితాల మధ్య జిప్సం పొడి, అంతే. కాగితం చిరిగితే అంచు రాలుతూనే ఉంటుంది. మన ఊళ్లో ఇటుక గోడ కాస్త పెచ్చు లేచినా మేస్త్రీ సిమెంటు పూసి పోతాడు. ఇక్కడ ఆ పనీ మనదే, లేదంటే హ్యాండీమ్యాన్‌కి సమర్పించుకోవడమే.

కోతకంటే ముందు కన్నం లోపల ఏముందో చూడాలి. బ్రేకర్ ఆపి, వోల్టేజ్ టెస్టర్ పెట్టి కరెంటు లేదని ఖాయం చేసుకుని పాత లైటు దించండి. పాతది డబ్బా రకమైతే అది జాయిస్టులకు, అంటే సీలింగ్‌ను మోసే దూలాలకు, బిగించి ఉండొచ్చు, ముందు దాన్ని పూర్తిగా తీసేయాలి. తర్వాత బట్టల హ్యాంగర్ తీగ చివర వంచి లోపలికి పెట్టి చుట్టూ తిప్పండి. ఎక్కడ తగిలితే అక్కడ జాయిస్టో, పైపో, వైరో ఉన్నట్టు. జాయిస్టులు మామూలుగా 16 లేదా 24 అంగుళాలకొకటి ఉంటాయి కాబట్టి చోటు చాలకపోవడమంటూ ఉండదు, కానీ పాత లైటును జాయిస్టు పక్కనే పెట్టి ఉంటే మాత్రం ఒకవైపు పెరిగే వీలుండదు. అప్పుడు రెండోవైపే ఎక్కువ కోసి కేంద్రం జరపాలి. అలా జరిపితే వరసలో మిగతా లైట్లతో తేడా కనిపిస్తుంది, ముందే చూసుకోండి.

ఇప్పుడు హోల్ సా సంగతి. అంగుళం వెడల్పు, అయిదున్నర అంగుళాల పొడవున్న చెక్క ముక్క తీసుకోండి. దాన్ని ఏటవాలుగా కన్నంలోకి దూర్చి, పైన అడ్డంగా పడుకోబెట్టి, కింది నుంచి రెండు చివరలా ఒక్కో స్క్రూ బిగించండి. స్క్రూలు పాత కన్నం అంచుకీ కొత్త గీతకీ మధ్య ఉండే ఆ అంగుళం పట్టీలోనే పడాలి. మధ్య బిందువు చెక్క మీద గుర్తు పెట్టి, బిట్ అక్కడ దించి నిదానంగా తిప్పండి. చెక్క ఆరంగుళాలకు తక్కువ కాబట్టి సా పళ్లకు తగలదు. కోత పూర్తయ్యేసరికి పట్టీ, చెక్క, స్క్రూలు అన్నీ కలిసి ఒకే ముక్కగా చేతిలోకి వస్తాయి. స్క్రూల బొక్కలు కూడా ఆ ముక్కతోనే పోతాయి, పూడ్చే పని ఉండదు.

ఒకటో రెండో లైట్లకైతే నేను ఈ హోల్ సా గొడవే పెట్టుకోను. కొత్త లైటు డబ్బాలో కాగితం టెంప్లేట్ వస్తుంది. దాన్ని టేపుతో అంటించి గీత గీసి, ముందు యుటిలిటీ కత్తితో గీత వెంట పైకాగితం కోసి, తర్వాత సన్నటి చేతి రంపంతో కోస్తాను. దాన్ని జాబ్ సా అంటారు. గీతకి కాస్త లోపలే కోసి, లైటు దూరకపోతే కొంచెం కొంచెంగా చెక్కుకోవచ్చు. ఎక్కువ కోస్తే మాత్రం తిరుగు లేదు. లైటు స్ప్రింగ్ క్లిప్పులు పట్టుకునేది ఆ అంచునే, బయటి రింగు దాచేది అర అంగుళం దాకా మాత్రమే. ఆ స్ప్రింగులతో వేళ్లు జాగ్రత్త.

సీలింగ్ పైన అటక ఉంటే ఇన్సులేషన్ (వేడీ చలీ ఆపడానికి పరిచే దూదిలాంటి పదార్థం) నెత్తిన రాలుతుంది. కళ్లజోడు, ఎన్95 మాస్కు తప్పనిసరి. ఇన్సులేషన్ తగిలేలా ఉంటే 'ఐసీ' రేటింగ్ (ఇన్సులేషన్ తగిలినా ఫరవాలేదనే గుర్తు) ఉన్న లైటే కొనండి. ఏసీ ఫ్యాన్ ఆపేయండి, లేకపోతే ఆ తెల్లపొడి ఇల్లంతా తిరుగుతుంది. మామూలు వ్యాక్యూమ్ ఫిల్టర్ దీనితో మూసుకుపోతుంది, తడిగుడ్డే మేలు.

ఇల్లు 1978 కంటే ముందుదైతే ఇవేవీ మొదలుపెట్టకండి. పెయింటులో సీసం, పాత సీలింగ్ పూతలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ముందు చిన్న నమూనా ల్యాబ్‌కి పంపి ఫలితం చూసుకోవాలి. ఇంట్లో పిల్లలుంటే మరీను.

గ్యారేజీ సీలింగ్, గ్యారేజీకీ ఇంటికీ మధ్య గోడ కూడా వేరే లెక్క. అక్కడి డ్రైవాల్ మంటలను ఆపడానికి వేసింది, ఇష్టం వచ్చినట్టు కన్నాలు పెట్టకూడదు. లైటు మార్చడానికి పర్మిట్ కావాలా అన్నది ఊరిని బట్టి మారుతుంది, సిటీ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేస్తే చెబుతారు. ఇంకా అద్దె అపార్ట్‌మెంట్‌లోనే ఉన్న మిత్రులు మాత్రం రంపం కొనకుండా ఫ్లోర్ ల్యాంప్ కొనుక్కోండి, డిపాజిట్ మిగులుతుంది.