మడ అడవి ఉంటే కరకట్ట అక్కర్లేదా?

వరదలు, ఉప్పెనలను తట్టుకోవడానికి మడ అడవులు, చిత్తడి నేలల లాంటి ప్రకృతి ఆధారిత పరిష్కారాలు ఒక్కటే చాలవా, కాంక్రీటు కూడా కావాలా అని అడిగారు. చాలాచోట్ల రెండూ కావాలి. మడ అడవి అలల జోరు తగ్గిస్తుంది గానీ పెద్ద ఉప్పెనను పూర్తిగా ఆపలేదు. వెనక కట్ట ఉండాలి. ముందు అడవి ఉంటే ఆ కట్ట మీద దెబ్బ తగ్గుతుంది.

నెదర్లాండ్స్ 1993, 1995 వరదల తర్వాత కట్టల ఎత్తు పెంచుకుంటూ పోకుండా, 30కి పైగా చోట్ల నది పొంగితే పరుచుకోవడానికి చోటిచ్చింది. నైమేఖన్ నగరం దగ్గర కట్టను 350 మీటర్లు వెనక్కి జరిపి, పక్కన కొత్త పాయ తవ్వారు. అంటే కట్ట పోలేదు, జరిగింది.

విధానంలో అసలు చిక్కు బడ్జెట్‌ది. మొక్కలు నాటడానికి డబ్బు దొరుకుతుంది, తర్వాతి పదేళ్ల సంరక్షణకు చాలాసార్లు దొరకదు. నా దృష్టిలో ముందు మారాల్సింది ఇదే. చిత్తడి నేలను కూడా వంతెనలాగే ఆస్తిగా లెక్కించి, నిర్వహణ నిధినీ బాధ్యత వహించే శాఖనూ పని మంజూరు చేసే ఉత్తర్వులోనే రాయాలి.