ముందు రూనామో బండ చూడు

అమ్మలూ,

మీ నాన్న ఫోన్ చేసి నీ ప్లాన్ చెప్పాడు. ఉద్యోగానికి సెలవు పెట్టి డెన్మార్క్, స్వీడన్, ఐస్‌లాండ్ తిరుగుతావట. వెయ్యేళ్ళ కిందట ఆ దేశాల నుంచి ఓడల్లో వెళ్ళి దాడులూ వ్యాపారాలూ చేసిన వైకింగుల సంతలు, సభలు జరిగిన చోట్లు చూసి, వాళ్ళ మాటలు ఇంగ్లీషులోకి ఎలా చేరాయో తెలుగులో పుస్తకం రాస్తావట. "నువ్వైనా గట్టిగా చెప్పక్కా" అన్నాడు. వాడు ఆపమంటున్నాడని తెలుసు. నాకేమో లోపల సంబరంగా ఉంది. మన ఇంట్లో ఈ పిచ్చి నాతోనే ఆగిపోతుందనుకున్నాను.

వానకోటు, తడవని బూట్లు తెచ్చుకో. గొడుగు దండగ, ఈ గాలికి నిలవదు. వైకింగుల సంత ఊరు బిర్కా ఉన్నది ఒక సరస్సు మధ్య దీవిలో, స్టాక్‌హోమ్ నుంచి పడవలు వేసవిలోనే నడుస్తాయి. ఇంకో సంత ఊరు హెడెబీ ఒకప్పుడు డేన్లదే, అంటే డెన్మార్క్ వాళ్ళదే అయినా ఇప్పుడు జర్మనీలో ఉంది. 808లో డేన్ల రాజు గోద్‌ఫ్రెడ్ రెరిక్ అనే రేవును నాశనం చేసి, అక్కడి వర్తకులను హెడెబీకి తరలించాడు. ఆ కథ రాయకుండా వదలకు. రీబెకు ఒక రోజు చాలు అంటారు, చాలదు. డెన్మార్క్‌లో అన్నిటికంటే పాత ఊరు అది. ఎనిమిదో శతాబ్దం మొదట్లోనే అక్కడ గాజు కరిగించి పూసలు చేసేవాళ్ళు.

ఐస్‌లాండ్‌లో థింగ్‌వెల్లిర్, అంటే సభ మైదానం, చూడగానే నీకు పూనకం వస్తుంది, నాకూ వచ్చింది. 930 నుంచి దేశం నలుమూలల వాళ్ళూ ఏటా వేసవిలో అక్కడ చేరేవారు. రాసిపెట్టిన చట్టం లేని కాలంలో ఒక మనిషి దాన్ని కంఠస్థం చేసి, మూడేళ్ళలో మొత్తం పూర్తయ్యేలా ఏటా ఒక భాగం చొప్పున సభలో ఒక బండ మీద నిలబడి అప్పజెప్పేవాడు. మీ మామయ్య ఆ బండ మీద నిలబడి గొంతెత్తి మా అపార్ట్‌మెంట్ రూల్స్ చదివాడు. నేను తలెత్తుకోలేకపోయాను. ఆయన ఉంటే ఇప్పుడు నీకంటే ముందు బ్యాగు సర్దేవాడు.

అలాంటి చోటు నుంచి తిరిగొచ్చి వెంటనే రాయకు. "థింగ్ అన్న ఇంగ్లీషు మాట వైకింగులు ఇచ్చిందే" అని రాసేస్తావు. కాదు. వైకింగుల దాడులకు వందేళ్ళ ముందే కెంట్ రాజుల చట్టాల్లో ఆ మాట సభ అనే అర్థంలో ఉంది. రెండు భాషలకూ పూర్వీకుల నుంచి వచ్చిన ఆస్తి అది. వాళ్ళ నుంచి నిజంగా వచ్చినవి వేరే ఉన్నాయి: లా, హస్బెండ్, విండో, ఎన్నికల ప్రచారానికి వాడే హస్టింగ్స్. మన ఊళ్ళకు చివర పల్లి, పేట ఉన్నట్టు డెర్బీ, విట్బీ, గ్రిమ్స్‌బీల చివర ఉన్న 'బీ' కూడా వాళ్ళదే.

ఇక నా అసలు టెన్షన్. ఇక్కడ దక్షిణ స్వీడన్‌లో, బ్లెకింగె ప్రాంతంలో రూనామో అని ఒక బండ ఉంది. నేల మీద పరుచుకున్న నల్లరాతి చారలో గీతలే గీతలు. దగ్గరగా చూస్తే ఎవరో ఉలితో చెక్కినట్టే ఉంటాయి. పన్నెండో శతాబ్దంలో వాల్డెమార్ రాజు దాన్ని చదవమని మనుషులను పంపితే వాళ్ళ వల్ల కాలేదని పాత చరిత్రలో ఉంది. 1833లో డెన్మార్క్ పండితులు వచ్చి ఆ గీతలన్నిటినీ బొమ్మ గీయించుకుని పట్టుకెళ్ళారు. వాళ్ళలో ఫిన్నూర్ మాగ్నూసన్ అనే ఐస్‌లాండ్ ఆయన ఒకడు. మరుసటి ఏడు ఆ బొమ్మను కుడి నుంచి ఎడమకు చదివి చూద్దామనుకున్నాడు. అంతే, గడగడా వచ్చేసింది! పాత గాథల్లోని బ్రావల్లా యుద్ధం ముందు రాజు హరాల్డ్ గెలవాలని కోరే పద్యం, ప్రాస తప్పకుండా. 1841లో దాని మీద ఏడువందల పేజీలు దాటిన పుస్తకం వేశాడు.

అక్కడ అక్షరమే లేదు. అవి రాతి పగుళ్ళు. రసాయన శాస్త్రవేత్త బెర్జేలియస్ ముందే అన్నాడు, ఎవరూ వినలేదు. 1844లో వోర్సో అనే ఇరవై మూడేళ్ళ కుర్రాడు బండను మళ్ళీ పరిశీలించి తేల్చేశాడు. ఫిన్నూర్ దొంగ కాదమ్మా, మోసగాడు కాదు. ఆ పాత పద్యాలు ఆయన నోటి మీద ఉండేవి. బండ ఒక అక్షరం చూపిస్తే మిగతా తొమ్మిదీ ఆయన లోపల్నుంచి వచ్చాయి. నీకూ చదువు ఎక్కువ, కథ అల్లే నేర్పు ఇంకా ఎక్కువ. అందుకే భయం. పైగా నీ తెలుగు పాఠకుడు నువ్వు రాసింది సరిచూసుకోడానికి ఇంత దూరం రాలేడు.

హెల్గో దీవిలో దొరికిన బుద్ధుడి బొమ్మ స్టాక్‌హోమ్ మ్యూజియంలో చూస్తావు. జానెడైనా లేదు, ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు కంచు బొమ్మ, తామర మీద కూర్చుని ఉంటాడు. స్వాత్ లోయ వైపు చేసింది అంటారు. "వైకింగులు ఇండియా వచ్చారు" అని ఫార్వర్డు చేసేవాళ్ళకు ఆ ఫొటో ఒక్కటి చాలు. నువ్వు మాత్రం అది చేతులు మారుతూ వచ్చి ఉంటుందనే రాయి.

అందుకే బిర్కా కంటే ముందు మాల్మోలో దిగి నా దగ్గరికి రా. కార్ల్స్‌క్రోనా రైలెక్కి బ్రెక్నె-హోబీలో దిగుదాం, బండ అక్కడికి దగ్గరే. నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. టికెట్ కొనే ముందు తేదీ చెప్పు. జూన్‌లో మిడ్‌సమ్మర్ పండగ రోజులు మాత్రం వద్దు, చాలా షాపులు మూసేస్తారు, పెరుగు దొరకడం కూడా కష్టం.

మీ అత్త